ఉప్పు వెయ్యకండి, గరిట పెట్టకండి

ఇక్కడ చెప్పబోయే సలహాల్లో ఏ ఒక్కదాన్నీ మీ ఇంట్లో పెద్దవాళ్ళు ఒప్పుకోరు. గిన్నెలో నూనె పొయ్యొద్దంటాను. ఉప్పు డబ్బా మూత తియ్యొద్దంటాను. అల్లం వెల్లుల్లి ముద్దను ఫ్రిజ్‌లోనే ఉండనివ్వమంటాను. బాస్మతి కొనొద్దు, కుక్కర్ దించొద్దు, మాంసం కడగొద్దు, కొన్న రోజే వండొద్దు, దించగానే వడ్డించొద్దు అంటాను. వింటే వంట రానివాళ్ళ మాటల్లాగే ఉంటాయి. కానీ గోవా చొరీస్ వేసి ఒకే గిన్నెలో అన్నం వండాలంటే దారి ఇదే. వంట బాగా వచ్చిన తెలుగువాళ్ళే ఈ వంటకాన్ని ఎక్కువగా పాడుచేస్తారు. చెయ్యి అలవాటుగా డబ్బాల మీదికి పోతుంది. గోవాలోని వాస్కోలో కాపురమున్న నాలుగేళ్ళలో మొదటి రెండేళ్ళూ నేను అలాగే పాడుచేశాను. మంచి సరుకు అలా వృథా కావడం చూస్తే ఇప్పటికీ బాధగా ఉంటుంది. ఇదంతా రాయడం అందుకే.

చొరీస్ అంటే గోవా క్రైస్తవుల ఇళ్ళలో చేసే పంది మాంసం సాసేజ్. పోర్చుగీసువాళ్ళ షోరిసు కొంకణి నోట్లో పడి చొరీస్ అయింది. వాళ్ళు గోవాను పట్టుకున్నది 1510లో. 1961 డిసెంబర్‌లో మన సైన్యం వెళ్ళేదాకా కదల్లేదు. ఆ నాలుగున్నర శతాబ్దాల్లో సాసేజ్ మాత్రం పూర్తిగా ఇక్కడిదైపోయింది. పోర్చుగల్‌లో అందులో పడేది ద్రాక్షసారా, వెల్లుల్లి, ఎర్రటి తియ్యమిరప పొడి. ఇక్కడ కొబ్బరి కల్లు పులిసి తయారైన వెనిగర్, ఎండుమిర్చి, వెల్లుల్లి, అల్లం, పసుపు, జీలకర్ర, మిరియాలు. కొందరు కాస్త ఫెనీ సారా కూడా పోస్తారు. మిరపకాయ మన దేశానికి వచ్చిందే పోర్చుగీసు ఓడల్లో. గుంటూరులో పుట్టి మిరప ఘాటు మధ్య పెరిగిన నాకు, ఆ సాసేజ్ మొదటిసారి పొయ్యి మీద కరుగుతున్నప్పుడు వచ్చిన వాసన ఎక్కడో తెలిసినట్టే అనిపించింది. ఆ తెలిసినట్టు అనిపించడమే నన్ను దారి తప్పించింది కూడా.

దాన్ని ఎలా చేస్తారో ముందు తెలుసుకోవాలి. అది తెలిస్తే నా సలహాలు సగం మీకే తడతాయి. మాంసాన్ని కొవ్వుతో సహా చిన్న ముక్కలుగా కోస్తారు. ఉప్పు పట్టించి, బరువు కింద పెట్టి నీరు కారుస్తారు. ఎండలో ఆరబెడతారు. వెనిగర్ పోసి నూరిన మసాలా ముద్ద పట్టించి ఊరనిస్తారు. అప్పుడు పేగు తొడుగులో కూరి, దారంతో వేలెడు దూరానికో ముడి వేసి, ఎండలోనో, కట్టెల పొయ్యి పైన పొగలోనో వేలాడదీస్తారు. చిన్న చిన్న ఉండలుగా కట్టిన దండ చూడ్డానికి జపమాలలా ఉంటుంది. వాటికి రోజరీ సాసేజ్ అని పేరు రావడం అందుకే. మాపుసాలో శుక్రవారం సంతకు వెళ్తే ఈ దండలు ఎర్రగా వేలాడుతూ కనిపిస్తాయి, మడ్‌గావ్ బజార్లో ఏ రోజైనా దొరుకుతాయి. వానలకు ముందు గోవాలో పురుమెంతాచెం ఫెస్త్ అని జరుగుతుంది. మడ్‌గావ్‌లో హోలీ స్పిరిట్ చర్చి పండుగతో పాటు వచ్చే సంత అది. జూన్ నుంచి కురిసే వానల్లో బయటికి కదలకుండా గడవడానికి ఎండుచేపలు, మిర్చి, చొరీస్ అన్నీ అప్పుడే ఇంట్లో నింపుకుంటారు. మన ఇళ్ళలో ఎండాకాలంలో ఆవకాయ, వడియాలు, చింతపండు, కారం ఏడాదికి సరిపడా నింపుకోవడం లేదూ, అచ్చం అలాగే.

నాకు ఈ పోలిక తట్టలేదు. మా అమ్మకు తట్టింది. ఆవిడ అమరావతి ఎక్స్‌ప్రెస్ ఎక్కి వాస్కో వచ్చింది. అమ్మ పంది మాంసం ముట్టదు. నేను వండుతుంటే వంటింటి గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చుంది. దండలోంచి ఒక ఉండ తెంపి ఇచ్చి వాసన చూడమన్నాను. చూసింది. వేలితో నొక్కింది. అప్పటికి నేను గిన్నెలో నూనె పోసి, లవంగాలు, దాల్చినచెక్క వేసి, అల్లం వెల్లుల్లి ముద్ద చెంచాతో తీస్తున్నాను.

"ఇది కూర కాదే, ఊరగాయ," అంది. "ఉప్పూ కారం పులుపూ అన్నీ పట్టి ఊరినదానికి మళ్ళీ ఈ దినుసులన్నీ ఎందుకే?"

ఆ రోజు నుంచి నా వంట మారిపోయింది. చొరీస్‌ను మాంసంగా చూడకండి. ఆవకాయ జాడీ మూత తీశాననుకోండి. వంటంతా ముందే, ఇంకొకరి చేతుల్లో, ఎండలో, పొగలో, నెలల మీద అయిపోయింది. దాన్ని అన్నంలోకి దించడమొక్కటే మీకు మిగిలిన పని. ఇక మీదట ఏ అనుమానం వచ్చినా ఒకటే ప్రశ్న వేసుకోండి: ఆవకాయ అన్నానికి నేనిలా చేస్తానా?

కొనేటప్పుడే మొదలుపెడదాం. నిగనిగలాడుతూ, ఎర్రగా, బొద్దుగా ఉన్నవాటిని వదిలెయ్యండి. ముడతలు పడి, నల్లబారి, గట్టిపడి, చూడ్డానికి ఏమాత్రం బాగాలేనివి అడగండి. బొద్దుగా ఉన్నాయంటే ఇంకా తేమ ఉందని అర్థం. అలాంటివి ఒకసారి దారి పక్క బండి దగ్గర తెచ్చాను. గిన్నెలో వేస్తే కొవ్వుకంటే ముందు నీళ్ళు ఊరాయి, పులుపు ఒక్కటే మిగిలింది, ముక్క రబ్బరులా సాగింది. కొవ్వు ఎక్కువగా ఉన్నదే తీసుకోండి. ఈ రోజుల్లో ఈ మాట అంటే అందరూ నా వంక అదోలా చూస్తారు, తెలుసు. కొవ్వు తక్కువున్న చొరీస్‌తో అన్నం పొడిబారి, కారం ఒక్కటే నాలుకకు తగులుతుంది. ఆరోగ్యం సంగతి చూసుకోవలసింది ఎంత వేస్తామన్న దగ్గర, ఏది కొంటామన్న దగ్గర కాదు.

తెచ్చిన రోజే వండకండి. పొడి రోజులైతే వంటింట్లో గాలి తగిలే చోట మేకుకు వేలాడదీసి రెండు మూడు రోజులు ఆగండి. వానాకాలంలో మాత్రం ఆ పని చెయ్యకండి, నేరుగా ఫ్రిజ్‌లో పెట్టండి. పట్టుకుంటే జిగటగా జారినా, వెనిగర్ పులుపు కాక కుళ్ళు వాసన వచ్చినా మొహమాటపడకుండా పారెయ్యండి. ఊరగాయ మీద బూజు తీసేసి మిగతాది తినే అలవాటు మనలో కొందరికి ఉంది. ఇక్కడ ఆ పొదుపు పనికిరాదు.

ఇక ఎంత వెయ్యాలి? బిర్యానీ లెక్క మనకు తెలిసిందే, కిలో బియ్యానికి కిలో మాంసం. ఆ లెక్కన చొరీస్ వేస్తే ఎవరూ రెండో ముద్ద తినలేరు. నలుగురికి రెండు గ్లాసుల బియ్యం, అంటే దాదాపు నాలుగు వందల గ్రాములు తీసుకుంటే, చొరీస్ రెండు వందల గ్రాములు చాలు. ఇంటికి వచ్చినవాళ్ళు గిన్నెలోకి తొంగిచూసి ముక్కలు తక్కువ వేశారనుకుంటారు. అనుకోనివ్వండి. మెతుకు మెతుక్కీ ఆ ఎర్రటి కొవ్వు పట్టాక ముక్క కోసం ఎవరూ వెతుక్కోరు.

కడగకండి. ఈ ఒక్క మాట దగ్గరే నాతో అందరూ పోట్లాడతారు. మాంసమన్నాక పసుపూ ఉప్పూ వేసి మూడు నీళ్ళు మార్చి కడగాలని పెరిగాం. పంది మాంసమైతే ఒక ఉడుకు రానిచ్చి ఆ నీళ్ళు పారబొయ్యాలని కూడా ఎవరో ఒకరు చెబుతారు. నేను విని అలాగే చేశాను. ముక్కలు విప్పి, కడిగి, ఉడికించి, ఎర్రటి నీళ్ళను తొట్టిలో వంపేశాను. పై వాటాలో ఉండే ఇంటి యజమానురాలు, ఆంటీ అని పిలిచేదాన్ని, ఆ వాసనకు కిందికి దిగి వచ్చింది. తొట్టిలో ఎర్రగా తేలుతున్న కొవ్వు చూసి చాలాసేపు మాట్లాడలేదు. ఆవిడ చొరీస్ తనే చేసుకునేది. నూరడం, ఎండబెట్టడం, కాకులు వాలకుండా కాపలా కాయడం, అన్నీ ఆ ముసలి చేతులతోనే. ఆ దండ ఆవిడ నాకు ఇచ్చిందే. ఆవకాయ ముక్కను కుళాయి కింద కడిగితే మా అమ్మ ముఖం ఎలా ఉంటుందో ఆ రోజు ఆవిడ ముఖం అలా ఉంది.

దారం తెంపండి. పేగు తొడుగును నిలువునా చీల్చి లోపలి ముక్కల్ని వేళ్ళతో తోసెయ్యండి. తొడుగు పారెయ్యండి, అది ఎంత ఉడికినా నములుడే. ఇప్పుడు అడుగు మందంగా ఉన్న గిన్నె తీసుకోండి. పొయ్యి వెలిగించకుండానే ముక్కలు అందులో వేసి, అర గ్లాసు నీళ్ళు పొయ్యండి. నూనె ఒక్క చుక్క వద్దు. అప్పుడు సన్నటి మంట పెట్టండి. నూనె కాగాక వెయ్యడం మన పద్ధతి, చుయ్‌మన్న శబ్దం వినపడితేనే మనకు వంట మొదలైనట్టు. కానీ కాగిన నూనెలో చొరీస్ పడితే పైనున్న మసాలా ముద్ద అర నిమిషంలో మాడి చేదవుతుంది, లోపలి కొవ్వు అలాగే ఉండిపోతుంది. చల్లటి గిన్నెలో, నీళ్ళల్లో మొదలుపెడితే ముందు నీళ్ళు కాగుతాయి, ముక్క మెత్తబడుతుంది, కొవ్వు నెమ్మదిగా కరిగి బయటికి వస్తుంది. పావుగంట, ఇరవై నిమిషాలకు నీళ్ళు ఇగిరిపోతాయి. ఆ క్షణం చెవికి తెలుస్తుంది. బుడబుడమన్న శబ్దం చిటపటగా మారుతుంది. గిన్నె వంచి చూస్తే ఎర్రటి నూనె తేలి ఉంటుంది. కూరలో నూనె తేలడం మనకు పని పూర్తయిన గుర్తు. ఇక్కడ అది మొదలుపెట్టమన్న గుర్తు.

ఈ పనంతా మూత పెట్టకుండానే చెయ్యండి, దానికో కారణం ఉంది. వెనిగర్ ఘాటులో కొంత ఆవిరితో పాటే పోవాలి. కుక్కర్‌లో వేసి మూడు కూతలు రానిస్తే ఆ ఘాటు ఎక్కువభాగం లోపలే ఉండిపోయి, కొవ్వు కరిగే తీరిక లేక, బియ్యం ముద్దై, వెనిగర్ కలిపిన జావలా తయారవుతుంది. కుక్కర్ పప్పుకు దించండి, దీనికి వద్దు.

ఒక్క విషయంలో మాత్రం తలకిందుల సలహా ఇవ్వను. ఊరగాయ అనుకోమన్నాను కదా అని పచ్చిగా నోట్లో వేసుకోకండి. పోర్చుగల్‌లో, స్పెయిన్‌లో కొన్ని ఎండు సాసేజ్‌లను పలచగా కోసి అలాగే తింటారు. గోవా చొరీస్ అలాంటిది కాదు, అది ఊరిందే తప్ప ఉడికింది కాదు. సరిగా ఉడకని పంది మాంసంతో బద్దెపురుగు వచ్చే ప్రమాదం ఉంది. ముక్క లోపలిదాకా 71 డిగ్రీల సెల్సియస్ దాటాలి. నీళ్ళల్లో ఇరవై నిమిషాలు, ఆపైన బియ్యంతో ఇంకో అరగంట ఉంటుంది కాబట్టి ఈ పద్ధతిలో ఆ భయం లేదు. పచ్చి చొరీస్ ముట్టుకున్న చేతులు, కత్తి, పలక కడిగాకే ఉల్లిపాయలు తియ్యండి. రుచి చూడాలన్న తొందర నీళ్ళు ఇగిరేదాకా ఆపుకోండి.

తేలిన కొవ్వులో నాలుగు పెద్ద చెంచాలు గిన్నెలో ఉంచి, మిగతాది ఒక గాజు సీసాలోకి తీసి దాచండి. దాని సంగతి చివర్లో చెబుతాను.

ఉల్లిపాయలు దండిగా వెయ్యండి. చొరీస్ ఎంత బరువుందో ఉల్లి కనీసం అంత, ఇంకాస్త ఎక్కువైనా పర్వాలేదు. పులావుకు పొడుగ్గా కోసి ఎర్రగా వేయించడం అలవాటు కదా, ఇక్కడ ఎర్రబడనివ్వకండి. మెత్తబడి, అద్దంలా మారి, తియ్యగా అయ్యాక ఆపండి. వెనిగర్ పులుపుకు, మిరప కారానికి ఎదురు నిలిచేది ఈ తీపి ఒక్కటే. టమాటా వేసేవాళ్ళున్నారు, గోవాలో కూడా ఉన్నారు. నేను వెయ్యను. పులుపు మీద పులుపు ఎందుకు? అల్లం వెల్లుల్లి ముద్ద అక్కర్లేదు, చొరీస్ నిండా అదే. గరం మసాలా వద్దు. కొత్తిమీర, పుదీనా చల్లితే పొగ వాసన పోయి పెళ్ళి పులావు వాసన వస్తుంది. మూడు లవంగాలు, ఒక దాల్చినచెక్క ముక్క దాకా ఒప్పుకుంటాను. ఆంటీ అవి వేసేది కాబట్టి కాదనలేను. పచ్చి బఠానీ గుప్పెడు వేసినా బాగుంటుంది.

బంగాళాదుంప వెయ్యాలనుకుంటే, చొరీస్‌తో పాటు ఉడుకుతుందిలే అనుకోకండి. ఉడకదు. పప్పు ఉడక్కముందే చింతపండు వేస్తే ఏమవుతుందో తెలుగు వంటింట్లో చిన్నపిల్లకైనా తెలుసు, గంటసేపు పొయ్యి మీదున్నా బద్ద బద్దగానే ఉంటుంది. పులుపున్న చోట కూరగాయ కండ కూడా బిగుసుకుంటుంది. వెనిగర్‌లో దుంప చేసేది అదే పని. ముందే విడిగా ముప్పావు వంతు ఉడికించి, పెద్ద ముక్కలు కోసి, ఉల్లిపాయల తర్వాత వెయ్యండి. విందాలూ అన్న పేరులో ఆలూ వినపడుతోందని మనవాళ్ళు అందులో బంగాళాదుంప వేస్తుంటారు. ఆ పేరు ద్రాక్షసారా, వెల్లుల్లి అనే రెండు పోర్చుగీసు మాటల్లోంచి పుట్టింది, ఆలూకు దానితో చుట్టరికం లేదు. ఈ అన్నంలో మాత్రం దుంపకు పని ఉంది. ఉప్పు ఎక్కువైన చొరీస్ దొరికితే కాస్త చప్పిడి ముక్క నోటికి ఊరటగా ఉంటుంది.

బియ్యం దగ్గర గట్టిగా చెబుతాను. బాస్మతి వద్దు. పెద్ద విందు అనగానే మనకు బాస్మతి గుర్తొస్తుంది, గోవాలో చాలామంది కూడా దానితోనే చేస్తారు. కానీ బాస్మతికి తన వాసన ఉంది. చొరీస్‌లో పొగ, కల్లు పులుపు, వెల్లుల్లి ఉన్నాయి. రెండూ ఒకే గిన్నెలో పెడితే రెండూ తగ్గుతాయి. మన సాంబ మసూరి వాడండి. బాపట్లలో తయారై 1986లో విడుదలైన బి.పి.టి. 5204. మన సాదా సీదా ఇంటి బియ్యం. సన్నగా ఉంటుంది, తన గొంతు పెంచదు, కొవ్వు పోస్తే పీల్చుకుంటుంది. వాస్కోలో ఉన్నప్పుడు ఆ బియ్యం ఇంటి నుంచే తెచ్చుకునేదాన్ని. పోయేటప్పుడు రైల్లో బియ్యం మూట, వచ్చేటప్పుడు చొరీస్ దండలు. అమరావతి ఎక్స్‌ప్రెస్‌లో కులెం దాటి ఘాట్ ఎక్కుతూ అందరూ దూధ్‌సాగర్ జలపాతం చూడ్డానికి తలుపు దగ్గరికి చేరితే, నా బెర్తు కింది సంచీలోంచి వచ్చే వాసన ఎవరిదని ఎదుటి సీటువాళ్ళు నంద్యాల దాకా అడుగుతూనే ఉండేవాళ్ళు. బియ్యం పాతది కావాలి, కనీసం ఏడాది నిలవున్నది. కొత్త బియ్యం ఈ కొవ్వులో అతుక్కుపోతుంది.

బియ్యం కడిగి, ఇరవై నిమిషాలు నాననిచ్చి, జల్లెడలో వేసి పూర్తిగా వడకట్టండి. ఉల్లిపాయల్లో వేసి, గింజలు విరగకుండా రెండు నిమిషాలు తిప్పండి. ప్రతి గింజా ఎర్రటి మెరుపు తేలాలి. ఇదే మీరు గరిట పెట్టే చివరిసారి. రెండు గ్లాసుల బియ్యానికి మూడున్నర గ్లాసుల మరిగే నీళ్ళు పొయ్యండి. ఉప్పు మాత్రం వెయ్యకండి. నీళ్ళు తెర్లాక చెంచాతో తీసి చల్లార్చి రుచి చూడండి. ఆ నీళ్ళు తినబోయే అన్నంకంటే కొంచెం ఉప్పగా ఉండాలి. పదిసార్లలో ఎనిమిదిసార్లు అలాగే ఉంటాయి. లేకపోతే అప్పుడు చిటికెడు వెయ్యండి. రుచి చూడకుండా ముందే వేసిన ఉప్పును తీసే ఉపాయం ఏ వంటవాడి దగ్గరా లేదు.

నీళ్ళు బియ్యం మట్టానికి దిగి, పైన చిన్న చిన్న గుంటలు పడగానే మంట పూర్తిగా తగ్గించి, మూత బిగించండి. పన్నెండు నిమిషాలు. ఆ పన్నెండు నిమిషాలూ మూత తియ్యకండి, కలపకండి, అడుగంటుతోందేమోనని అట్లకాడతో గీకకండి. ఉడుకుతున్న గింజను కదిపితే విరుగుతుంది, విరిగిన చోట గంజి బయటపడి పక్క గింజకు అంటుకుంటుంది. పొడిపొడిగా ఉండాలని కలుపుతూ పోతే ముద్దయ్యేది అందుకే. వంటింట్లోంచి బయటికి వెళ్ళిపోండి.

అడుగంటనివ్వండి. మన దగ్గర అన్నం అడుగంటితే వండినవాళ్ళకు మాట పడుతుంది. నాకూ పడింది. కానీ ఇరాన్‌లో అడుగు పొరను తహ్‌దిగ్ అని అతిథులకు ముందు పెడతారు, స్పెయిన్‌లో సొకర్రాత్ కోసం గిన్నె చుట్టూ చేరతారు, కొరియాలో నురుంజీ అని విడిగా తింటారు. చొరీస్ అన్నం అడుగున బంగారు రంగు పొర ఒకటి, కొవ్వులో వేగి కరకరలాడుతూ ఏర్పడుతుంది. దానికి కొలత చెవే. పన్నెండు నిమిషాలయ్యాక గిన్నె దగ్గర చెవి పెడితే సన్నగా చిటచిట వినిపిస్తుంది. ఒక్క నిమిషం అలా ఉండనిచ్చి మంట ఆపెయ్యండి. అంతకు మించితే మిరప మాడుతుంది, మిరప మాడితే గిన్నె మొత్తానికి చేదు పాకుతుంది. ఎంత ఇష్టమైనా ఇక్కడ ఆశపడకండి.

మంట ఆపాక పావుగంట మూత ముట్టుకోకండి. తీశాక కూడా వెంటనే వడ్డించకండి. పొగలు కక్కే అన్నం పెట్టడమే మర్యాద అని మనం అనుకుంటాం. కానీ ఆ వేడిలో నాలుకకు కారం, పులుపు తప్ప ఇంకేమీ తెలియదు. ఇంకో పది నిమిషాలాగితే గోరువెచ్చబడుతుంది, కొవ్వు మెతుకుల్లో ఇంకుతుంది, అప్పుడు పొగ వాసన, కల్లు తీపి, వెల్లుల్లి ఒక్కొక్కటిగా బయటికి వస్తాయి. పక్కన పెరుగుపచ్చడి పెట్టకండి. దోసకాయ చక్రాలు, ఉడికించిన గుడ్డు చాలు. చివర్లో మజ్జిగన్నం తినే అలవాటు మానుకోనక్కర్లేదు, విడి కంచంలో తినండి.

మిగిలితే మర్నాటికి ఇంకా బాగుంటుందన్న మాట నిజం. కానీ రాత్రంతా పొయ్యి గట్టు మీద మూతపెట్టి వదిలెయ్యకండి. అన్నంలో ఉడుకుకు కూడా చావని సూక్ష్మజీవుల బీజాలు ఉంటాయి. వెచ్చగా వదిలితే అవి పెరిగి విడిచే విషం మళ్ళీ వేడిచేసినా పోదు. వెడల్పాటి పళ్ళెంలో పరిచి, గంటలోపు ఫ్రిజ్‌లోకి పంపండి. మర్నాడు నీళ్ళు చిలకరించి, మూతపెట్టి, పొగలు వచ్చేదాకా వేడిచేసి తినండి. రెండో రోజు దాటనివ్వకండి.

మన ఊళ్ళ సూపర్ బజార్లలో గడ్డకట్టించి అమ్మే చికెన్ సాసేజ్‌లతో ఇలా వండవచ్చా అని చాలామంది అడుగుతారు. వద్దు. అవి మెత్తగా రుబ్బి, ముందే ఉడికించి చేసినవి. కరగడానికి కొవ్వు లేదు, ఊరిన పులుపు లేదు. వాటికి నూనె, ఉప్పు, మసాలా అన్నీ కావాలి, అంటే మీకు వచ్చిన వంటే కావాలి. చొరీస్‌కు దగ్గరి చుట్టం ఎవరన్నా ఉంటే తెలంగాణ పల్లెల్లో ఎండబెట్టి దాచుకునే మాంసం తునకలు. ఆ ఇళ్ళలో పెరిగినవాళ్ళకు ఎండిన మాంసం ఓపిక గురించి నేను కొత్తగా చెప్పాల్సింది లేదు.

సీసాలో దాచిన ఎర్రటి కొవ్వు ఫ్రిజ్‌లో నెయ్యిలా గడ్డకడుతుంది, పది రోజులు వాడుకోవచ్చు. ఒక చెంచా పెనం మీద కరిగించి, గుడ్డు పగలగొట్టి వెయ్యండి. పసుపు సొన చుట్టూ ఎర్రటి అంచు కడుతుంది. ఉప్పు చల్లకుండా తినండి.